జాబితాలో లేని నంబరు

ఈ ఏడాది చలి మొదలైన రోజున మా అమ్మాయి హీటర్ పెట్టింది. వేసవంతా అల్మారాలో పడి ఉన్న హీటర్ కదా, కాసేపటికి దాని మీది దుమ్ము కాలి గదంతా ఒక వాసన పట్టింది. "కిటికీ తెరువమ్మా, ఏదో మాడుతోంది" అంది మా అమ్మాయి. నేను తెరవలేదు. శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ కొట్లోంచి తెచ్చిన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మేము ఇన్వర్‌కార్గిల్ వదిలి ఇక్కడ, ఉత్తరాన ఉన్న మౌంట్ రాస్కిల్‌కి వచ్చి మూడు చలికాలాలు దాటాయి. అక్కడ మా పక్కింటి ముందుగదిలో, రేడియో సెట్ల వెనకాల, అచ్చంగా ఇదే వాసన ఉండేది. పగలూ రాత్రీ కట్టేయని పాత సెట్లు, వాటి మీద వెచ్చగా కాలే దుమ్ము. ఆ గది నోలీన్‌ది. ఆమెని మీరెవరూ చూసి ఉండరు, చూసే వీలూ ఇక లేదు. అందుకే రాస్తున్నాను.

నేను నాలుగో తరగతితో చదువు ఆపినదాన్ని. పాలకొల్లు దగ్గర ఒక రైసు మిల్లులో ఇరవై రెండేళ్ళు చేట పట్టాను. మా అమ్మాయి ప్రశాంతి నర్సు కోర్సు చదివి ఈ దేశం వచ్చి, ఇన్వర్‌కార్గిల్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో చేరింది. అల్లుడిది పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. మనవరాల్ని చూసుకోవడానికి నన్ను పిలిపించుకున్నారు. దేశానికి దక్షిణాన చిట్టచివరి ఊరు అది. దాని తర్వాత సముద్రం, సముద్రం తర్వాత మంచు అని చెప్పారు. నేను దిగిన రోజున చూస్తే ఆ మంచు సముద్రం దాటి ముందే వచ్చేసినట్టుంది.

వెళ్ళిన మూడో రోజునే నోలీన్‌తో తగువు. అక్కడ బట్టలు ఆరేసుకోవడానికి పెరట్లో గొడుగులాంటి తీగల స్తంభం ఒకటి ఉంటుంది. మాది తుప్పు పట్టి తిరగడం మానేసింది. డ్రయ్యర్ వేయమంది మా అమ్మాయి. అంత గాలి ఊరికే వీస్తుంటే కరెంటు పెట్టి బట్టలు ఆరబెట్టడం నాకు చేతకాలేదు. కంచెకి ఆనుకుని అవతలివైపు ఒక పొడుగాటి ఇనప గొట్టం నిలబడి ఉంది. ఏ పనీ లేకుండా నిలబడ్డ గొట్టాన్ని చూస్తే తాడు కట్టకుండా ఎలా ఉంటాం? కట్టాను. రెండు చీరలు, మూడు దుప్పట్లు వేశాను. పది నిమిషాలు కాకముందే రబ్బరు బూట్లు, అల్లిన కోటు వేసుకున్న పొడుగాటి ముసలామె ఒకరు కంచె దగ్గరికి వచ్చి, తల పైకెత్తి గొట్టం చివర చూసి, నన్ను చూసింది.

"ఈ చీరలు నీవేనా?"

"నావే."

"నా ఏరియల్ ఇందాకటి దాకా ఊరంతా వింటోంది. ఇప్పుడు వంగి నీ దుప్పట్లు వింటోంది."

తెల్లవాళ్ళ ఇంగ్లీషు నాకు పదిలో రెండు మాటలు అర్థమయ్యేది. ఆమెది మాత్రం పదిలో ఆరు అర్థమైంది. కారణం తర్వాత తెలిసింది. ఆ దక్షిణపు మూలలో పాతవాళ్ళు 'ర'ని మనలాగే నాలుక ఆడించి పలుకుతారు. ఈ దేశంలో ఇంకెక్కడా అలా పలకరట. తాడు విప్పబోయాను. ఆమె ముడి పట్టుకుని చూసి, "ఈ ముడి ఎవరు నేర్పారు?" అంది. బస్తాల మూతి కట్టే ముడి అని చేతులతో చూపించాను. ఆమె సాయంత్రం తన షెడ్డులోంచి ఒక పాత కర్ర స్తంభం ఈడ్చుకొచ్చింది. గొయ్యి నేను తవ్వాను, స్తంభం ఆమె నిలబెట్టింది. అప్పటికి ఆమెకి డెబ్భై ఎనిమిది, నాకు అరవై మూడు. పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. 'మిసెస్' అంటే తిట్టినట్టు చూసేది. నోలీన్ అనడానికి వారం పట్టింది. నా పేరు సువార్తమ్మ. ఆమె దాన్ని "సూ" చేసేసింది. అన్నేళ్ళ బతుకులో నా పేరుని ఎవరూ అంత పొదుపుగా వాడలేదు.

మరునాడు "వీ కప్పు టీ"కి పిలిచింది. ఆమెకి ప్రతిదానికీ ముందు ఆ 'వీ' ఉండేది, చిన్నది అని. వీ ఇల్లు, వీ కుక్క, వీ వాన. మూడు రోజులు ఆగకుండా కురిసినా వీ వానే. ఒకే టీ సంచీని రెండు కప్పుల్లో ముంచి, పిండి, ఆరబెట్టడానికి కిటికీలో పెట్టింది. అది చూశాక నాకు భయం పోయింది. ఆ గదిలోనే చూశాను ఆ పెట్టెని. ఇటుకంత నల్లటి పెట్టె. ముందువైపు చిన్న అద్దంలో అంకెలు గబగబా పరుగెత్తుతున్నాయి. ఎక్కడో మనిషి గొంతు తగలగానే అంకెలు ఠక్కున ఆగాయి. ఇద్దరు మగవాళ్ళు ఏదో అనుకున్నారు. వాళ్ళు ఆపగానే మళ్ళీ పరుగు. స్కానర్ అంది. టాక్సీలవాళ్ళు, చేపల పడవలవాళ్ళు, అడవిలో కలప లారీలవాళ్ళు, అగ్నిమాపకం వాళ్ళు, పోలీసులు, అందరి మాటలూ గాలిలో పోతూ ఉంటాయట. ఈ పెట్టె వాటిని పట్టి వినిపిస్తుందట.

"దొంగతనం కాదా ఇది?" అన్నాను.

"వినడం తప్పు కాదు. విన్నది ఇంకొకరికి చెప్పడం, దాన్ని వాడుకోవడం తప్పు. ఇక్కడి చట్టమే అలా ఉంది. చట్టం లేకపోయినా నా పద్ధతి అదే. ఈ గదిలో విన్నది గుమ్మం దాటదు, సూ. అది ఒప్పుకుంటేనే కుర్చీ."

ఆమె పదిహేనో ఏట టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో చేరింది. అప్పట్లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలన్నా మధ్యలో ఒక అమ్మాయి తీగ కలపాలి. పెళ్ళి సంబంధాలు, అప్పులు, చావులు, అన్నీ ఆమె చెవుల్లోంచే వెళ్ళాయి. ఒక్కటీ ఇంటికి తీసుకెళ్ళలేదట, కన్నతల్లికి కూడా చెప్పలేదట. నాకది గొప్పగా అనిపించలేదు. మా వైపు ఒక సంగతి తెలిసి కూడా చెప్పలేదంటే ఆ మనిషి ముఖం చూడరు.

"చెప్పకూడనప్పుడు దేవుడు నోరెందుకిచ్చాడు?" అన్నాను.

"టీ తాగడానికి" అంది నోలీన్.

నేను ఆ కుర్చీలో కూర్చోవడానికి కారణం సరదా కాదు. మా అమ్మాయి పనిచేసే హోమ్ ఊరికి దూరం. చలికాలంలో పొద్దున ఏడింటికే చీకట్లో కారు తీసేది. ఆ రోడ్ల మీద కంటికి కనబడని మంచు పొర ఒకటి కడుతుంది. తారు నల్లగానే ఉంటుంది, కాలు పెడితే జారిపోతుంది. ఆమె హోమ్‌కి చేరి ఫోన్ చేసేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. పనిలో పడితే ఫోన్ చేయడం మర్చిపోయేది. రోడ్డు మీద ఏం జరిగినా ముందు తెలిసేది పోలీసులకే కదా. మా అమ్మాయి నవ్వింది. "అమ్మా, పోలీసుల ఇంగ్లీషు నీకేం అర్థమవుతుంది?" అంది. "నీ కారు నంబరు వినబడకపోతే చాలు. ఆ వినబడకపోవడం అర్థమైతే చాలు నాకు" అన్నాను. ఆ నంబర్లు వాళ్ళెలా చదువుతారో నోలీన్ నేర్పింది. ఒక్కో అక్షరానికీ ఒక్కో పేరు ఉంటుంది, ఆల్ఫా, బ్రేవో అని. మా అమ్మాయి కారుది, అల్లుడి కారుది, అనిల్ కారుది కంఠతా పట్టాను. అనిల్ అక్కడి పాలిటెక్నిక్‌లో చదవడానికి వచ్చి, చదువయ్యాక మా అమ్మాయి హోమ్‌లోనే కేర్ వర్కర్‌గా చేరిన కుర్రవాడు. ఆదివారం మమ్మల్ని చర్చికి తీసుకెళ్ళేది అతనే. అతని భార్య దివ్యకి అప్పుడే మూడో నెల.

నోలీన్‌కి ఇంకో పట్టుదల ఉండేది. ఆమెలాంటి సరదా ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఏరి, ఒకరికొకరు పంపుకున్న ఫ్రీక్వెన్సీల జాబితా ఒకటి ఆమె దగ్గర ఉండేది. అందులో పోలీసుల మామూలు ఛానల్ ఉంది. కానీ పెద్ద సంగతేదైనా జరిగిందంటే ఆ ఛానల్‌లోని గొంతులు ఒక మాట అనుకుని మాయమయ్యేవి. వేరే నంబరుకి వెళ్ళిపోయేవారన్నమాట. ఆ నంబరు ఏ జాబితాలోనూ లేదు. రెండు చలికాలాలుగా ఆమె దాని కోసం వెతుకుతోంది.

"దొరికితే ఏం చేస్తావు?" అని అడిగాను.

"వింటాను."

"విని?"

"పుస్తకంలో రాసుకుంటాను."

"రాసి?"

"పుస్తకం మూస్తాను."

పిచ్చి అనుకున్నాను. కానీ ఆ వెతికే పద్ధతి చూశాక నోరు మూసుకున్నాను. ఈ అంకె నుంచి ఆ అంకె దాకా అని సెట్టుకి హద్దులు పెట్టేది. అది మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ పోయేది. ఆగిన ప్రతిచోటా ఆమె పెన్సిలు తీసేది. ఏ పూట, ఎంతసేపు, గొంతు దగ్గరగా ఉందా దూరంగా ఉందా, లారీలవాళ్ళా, టాక్సీలా. కొన్నిచోట్ల మనుషులెవరూ ఉండరు, సెట్టే తనలో తాను ఈల వేస్తుంది. అలాంటి నంబర్లని కొట్టేసి, మళ్ళీ అక్కడ ఆగకుండా సెట్టుకి తాళం వేసేది. రాసేదంతా వచ్చిన ఉత్తరాల కవర్లు చింపి, తిరగేసి, కుట్టిన పుస్తకంలో. కొట్టేసినవే పన్నెండు పేజీలు.

మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. పొద్దుట్నుంచి చెరిగి పక్కన పోసిన పొట్టుని ఆఖరి గంటలో మళ్ళీ చేటలోకి ఎత్తించేవారు. కొత్తలో విసుక్కున్నాను. కానీ ప్రతిసారీ దాంట్లో దోసెడు గింజలు దొరికేవి. అలసిన చేతులు పారేసినవి. ఆ పన్నెండు పేజీలు చూస్తే నాకు ఆ పొట్టు కుప్పే కనబడింది.

"కొట్టేసినవి మళ్ళీ చూద్దాం" అన్నాను.

"అవి చెత్త, సూ."

"చెత్త అని ఎలా తెలుసు?"

"విన్నాను కాబట్టి."

"ఎన్నిసార్లు?"

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఒక్కసారి" అంది.

మరునాటి నుంచి పొద్దున ఏడింటికి నేను అక్కడ. పాత సెట్టులో మామూలు పోలీసు ఛానల్ పెట్టేది. స్కానర్‌ని కొట్టేసిన నంబర్ల మీద, రోజుకొకదాని మీద నిలిపేది. ఆమె బొగ్గు పొయ్యి రాజేసి, కుక్కకి తిండి పెట్టేలోగా నేను ఈల వింటూ కూర్చోవాలి. నాకు మాటలు అర్థం కాకపోవడమే అక్కడ పనికొచ్చింది. అర్థం వెంట పడేవాళ్ళకి చప్పుడు వినబడదు. ఏ పోలీసు బటన్ నొక్కితే ముందు 'టిక్' అంటుందో, కంట్రోల్ రూములో ఏ అమ్మాయికి జలుబు చేసిందో నాకు తెలిసిపోయేది. మూడో వారంలో ఒకరోజు పాత సెట్టులో గొంతులు మామూలుగానే మాయమయ్యాయి. అదే క్షణంలో నా చెవిలో ఈల ఆగింది. అరుస్తున్న నోటిని ఎవరో చేత్తో మూసినట్టు ఆగింది. తర్వాత టిక్ మంది. తర్వాత జలుబు చేసిన అమ్మాయి గొంతు.

"నోలీన్!" అని కేకేశాను.

బొగ్గు పారతోనే వచ్చింది. నిలబడి విన్నది. సెట్టు ఈల వేసే చోటే వాళ్ళ ఛానల్ కూడా ఉందన్నమాట. వాళ్ళు మాట్లాడినంతసేపే ఈల అణిగి ఉంటుంది, మిగతా రోజంతా ఈలే. అందుకే ఒక్కసారి విన్నవాళ్ళెవరికీ దొరకలేదు. గొంతులు ఆగాక ఆమె కూర్చుని, పుస్తకంలో ఆ నంబరు శుభ్రంగా రాసి, పుస్తకం నా వైపు తిప్పింది. "కనుక్కున్నది నువ్వు. పేరు నువ్వే రాయాలి." ఇంగ్లీషులో రాయడం నాకు రాదు. తెలుగులో రాశాను. ఆమె ముందుకు వంగి చూసి, "ఇదంతా నీ పేరేనా? అయితే నేనిన్నాళ్ళూ ముక్కే పిలుస్తున్నాను" అంది. ఆ నంబరుని జాబితాలవాళ్ళకి పంపుతావా అని అడిగాను. అడిగినందుకు నాకే సిగ్గేసేలా చూసింది.

ఆ తర్వాత మూడు నెలలకి నేను ఆ కుర్చీకి తప్పు చేశాను.

ఆ రోజు మా అమ్మాయికి సెలవు, ఇంట్లో నిద్రపోతోంది. నేను అలవాటుగా వెళ్ళాను. రోడ్లు అద్దంలా ఉన్నాయి. గొంతులు మా నంబరుకి మారాయి. తెల్ల కారు, రోడ్డు దిగి కాలువలో పడింది. దారిన పోయే లారీ డ్రైవరు ఫోన్ చేశాడట. లోపల ఒక మగమనిషి, కదలడం లేదు. తర్వాత కారు నంబరు చదివారు. ఒక్కో అక్షరం పేరూ పడుతుంటే నేను కుర్చీలోంచి సగం లేచాను.

"అది అనిల్ కారు" అన్నాను.

"విన్నాను. కూర్చో."

"దివ్యకి చెప్పాలి."

"చెప్పేవాళ్ళు వెళ్తారు. తలుపు తట్టి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్తారు. అది వాళ్ళ పని, సూ. కూర్చో."

"అప్పటిదాకా ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు ఉప్మా కలుపుకుంటూ ఉండాలా?"

"అవును" అంది నోలీన్.

ఆ 'అవును' నాకు మనిషి మాటలా వినబడలేదు. లేచి ఇంటికొచ్చి ఫోన్ చేశాను. "దివ్యా, అనిల్ కారు కాలువలో పడిందట, కదలట్లేదట" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. "ఎవరు చెప్పారాంటీ?" అంది. "పోలీసులే అనుకుంటుంటే విన్నాను" అన్నాను. అవతల ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి. ఆ పిల్ల మీద జాలి ఉంది, నిజమే. అందరికన్నా ముందు నాకు తెలిసిందనే గొప్ప కూడా ఉంది.

ఏడెనిమిది నిమిషాలకి మా వెనక తలుపు దబదబా బాదారు. నోలీన్. కోటు లేదు. ఇంట్లో వేసుకునే గుడ్డ చెప్పులతో, తెల్లగా గడ్డకట్టిన గడ్డి మీద నడిచి వచ్చింది.

"బయటికొచ్చాడు. నడుస్తున్నాడు. పక్కన రైతు వంటింట్లో కూర్చుని టీ తాగుతున్నాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, అంతే. ఆ అమ్మాయికి చెప్పు. ఇప్పుడే చెప్పు."

పదిహేనో ఏట నుంచి గుమ్మం దాటించని మనిషి, విన్నది మోసుకుని మా గుమ్మానికి వచ్చింది. నేను ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలేసి దివ్య ఆస్పత్రికి బయల్దేరింది. వాళ్ళకున్నది ఒకటే కారు, అది కాలువలో ఉంది. నడిచే వెళ్దామనుకుంది, ఆరో నెల కడుపుతో, ఆ మంచు మీద. వీధి మలుపులో జారి పడింది. ఎవరో పుణ్యాత్ములు చూసి కార్లో తీసుకెళ్ళారు. భర్త ఒక తలుపులోంచి, భార్య ఇంకో తలుపులోంచి అదే ఆస్పత్రికి చేరారు.

రక్తం కనబడుతోంది, రెండు రోజులు చూడాలి అన్నారు డాక్టర్లు. ఆ రెండు రోజులూ నేను వండాను, తోమాను, మనవరాలికి జడ వేశాను. ప్రార్థనకి మోకరిస్తే మాట రాలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? మూడో రోజు పొద్దున మా అమ్మాయి వార్డుకి వెళ్ళి చూసి వచ్చి, చెప్పులు విప్పకుండానే, "బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందమ్మా. కాన్పు దాకా మంచం దిగకూడదన్నారు" అంది. అంతవరకే అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

వాళ్ళ ఫ్లాట్‌కి పప్పుచారు, అన్నం తీసుకుని వెళ్ళాను. అనిల్ చేతికి పట్టీ వేసుకుని తలుపు తీశాడు. దివ్య మంచం మీద ఉంది. "తప్పు నాదమ్మా" అన్నాను. కన్నపిల్లలతో కూడా నేను ఆ మాట అనలేదు.

"అయ్యో, పర్లేదులే ఆంటీ" అన్నాడు అనిల్.

"పర్లేదనకు అనిల్" అంది దివ్య. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు మంచికే చెప్పారని తెలుసాంటీ. కోపం లేదు. కానీ రేపెప్పుడైనా నాకేమైనా అయితే, మా అమ్మకి మాత్రం మీరు ఫోన్ చేయకండి."

దివ్యకి నెలలు నిండాక పాప పుట్టింది, గట్టిపిల్ల. దివ్య నన్ను ఆంటీ అనడం మానలేదు, చర్చికి తీసుకెళ్ళడం అనిల్ మానలేదు. అయినా ఆ మాట ఆమె వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని నేనూ అనుకోలేదు.

ప్రమాదం జరిగాక నోలీన్ గదికి రెండు వారాలు వెళ్ళలేదు. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నుంచి, "టీ చల్లారుతోంది" అని వినబడింది. వెళ్ళాను. స్కానర్ మీద గిన్నెలు తుడిచే గుడ్డ కప్పి ఉంది. నాకు కప్పు అందించింది. తర్వాత ఆమె చెప్పింది. ఎక్స్‌ఛేంజ్‌లో పంతొమ్మిదో ఏట, బ్లఫ్ రేవు నుంచి వచ్చిన కాల్ ఒకటి కలుపుతూ విన్నదట, ఒక చేపల పడవ కనబడటం లేదని. ఆ పడవలో ఉన్నది ఆమె పక్క కుర్చీలో కూర్చున్న స్నేహితురాలి తండ్రి. నాలుగు గంటల షిఫ్టు మిగిలి ఉంది. ఆ నాలుగు గంటలూ స్నేహితురాలి పక్కనే తీగలు కలుపుతూ, ఆమె చెప్పిన జోకులకి నవ్వుతూ కూర్చుందట. షిఫ్టు అయ్యే వేళకి పోలీసు ఒకాయన టోపీ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

"తర్వాత ఆ స్నేహితురాలు?" అన్నాను.

"నాకు ముందే తెలుసని ఆమెకి తెలిసిపోయింది. మళ్ళీ నాతో మాట్లాడలేదు. పక్కపక్కనే పదకొండేళ్ళు పనిచేశాం."

"మరి నువ్వు చేసింది రైటేనా?"

"తెలీదు, సూ. ఇప్పటికీ తెలీదు. నాకు తెలిసిందల్లా, ఆ నాలుగు గంటలూ నా దగ్గర ఉన్నది సగం వార్త. పడవ కనబడటం లేదు, అంతే. ఆ సగాన్ని ఆమె చేతిలో పెడితే మిగతా సగం తనే కల్పించుకునేది. నువ్వు ఆ అమ్మాయికి ఇచ్చింది కూడా సగమే."

"నా వల్ల నీ మాట కూడా పోయింది" అన్నాను.

"నీ వల్ల కాదు. నడిచింది నా కాళ్ళే" అంది. కప్పు కింద పెట్టి, సెట్టు మీది గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టింది. "రేపు ఏడింటికి వస్తావా?"

"వస్తే, కూర్చోగలనో లేదో."

"అది రేపు చూసుకుందాం."

కూర్చున్నాను. మరుసటి చలికాలంలో ఒక పొద్దున మా అమ్మాయి వెళ్ళే రోడ్డు పేరే వచ్చింది, కారు నంబరు రాలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నోలీన్ పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా నా పక్కనే ఉండిపోయింది. అల్లుడికి ఫోన్ చేయలేదు. నలభై నిమిషాలకి నంబరు చదివారు. మనది కాదు. ఎవరిదో. ఆ ఎవరిదో ఇంటి తలుపు తట్టడానికి ఎవరో బయల్దేరి ఉంటారని ఆ పూట మొదటిసారి నాకు తోచింది. ఇద్దరం టీ తాగలేదు.

కొన్నాళ్ళకి పోలీసులు కొత్త రకం యంత్రాలకి మారారు. వాళ్ళ మాటలు బయటివాళ్ళకి వినబడకుండా ముడి వేసి పంపుతారట. ఒక వారం గొంతులు పలచబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. మా నంబరులో ఈల ఒక్కటే మిగిలింది. నోలీన్ బాధపడుతుందనుకున్నాను. "వాళ్ళ మాటలు వాళ్ళవే కదా" అని పుస్తకంలో తేదీ వేసి, గీత గీసింది. చేపల పడవల ఛానల్ పెట్టుకుని వినడం సాగించింది.

తన జబ్బు సంగతి నోలీన్ ముందు నాకే చెప్పింది. వాన వచ్చేలా ఉంది అన్నట్టు చెప్పింది. "బెట్టీకి నేనే చెప్తాను. కాస్త టైము కావాలి" అంది. బెట్టీ ఆమె చెల్లెలు, ఊరికి అవతల ఉండేది, గురువారాలు వచ్చేది. మా అమ్మాయి నర్సు కదా, పక్కింటావిడ నడక చూసి, "అమ్మా, నీకేదో తెలుసు" అంది. నేను కూర తరుగుతూనే ఉన్నాను. రెండు నెలలు అలాగే గడిచాయి. ఒక గురువారం బెట్టీ కంచె దగ్గర నన్ను ఆపింది.

"సూ, మా అక్క చిక్కిపోయింది. నీకేమైనా చెప్పిందా?"

ఏమీ లేదంటే అబద్ధం. ఉందంటే నాది కానిది ఇచ్చేయడం. ఆ రెంటికీ మధ్యన కాలు మోపే చోటు ఉంటుందని పాత రోజుల్లో నాకు తెలియదు. "ఆ ప్రశ్న నన్ను కాదు, ఆమెని అడగాలి" అన్నాను. "లోపలికెళ్ళి పక్కన కూర్చుని అడుగు. తొందరపెట్టకు. నేను టీ పెడతాను." బెట్టీ నా ముఖం చూసి లోపలికి వెళ్ళింది. నేను వంటింట్లో కెటిల్‌ని రెండుసార్లు మరగనిచ్చాను. మూడోసారికి నోలీన్ గొంతు వినబడింది, "ఆ టీ తేవచ్చు ఇంక" అని.

ఆఖరి రోజుల్లో ఆస్పత్రికి నేను మధ్యాహ్నాలు వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆమె నన్ను దగ్గరికి రమ్మని, మాట మాటకీ ఆగుతూ ఒక సంగతి చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. నేను మధ్యలో ఏమీ అడగలేదు. చెప్పడం అయ్యాక కళ్ళు మూసుకుని, "అంతే" అంది. తర్వాత రెండు రోజులకి పోయింది.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో శాండ్‌విచ్‌లు, టీ పెట్టారు. బెట్టీ నా పక్కకి వచ్చి కూర్చుని, "చివర్లో నీతో మాట్లాడిందట. నర్సు చెప్పింది. ఏమంది?" అని అడిగింది. తోడబుట్టిన చెల్లెలు. అడిగే హక్కుంది.

"మాట్లాడింది" అన్నాను.

బెట్టీ చూసింది, నేను ఇంకేమైనా అంటానేమోనని. తర్వాత నా కప్పులో టీ అయిపోవడం చూసి, లేచి వెళ్ళి నింపి తెచ్చి ఇచ్చింది.

మా అమ్మాయి అడిగింది. పెద్దదైన మనవరాలు తన ఇంగ్లీషులో అడిగింది. ఇంత రాసినదాన్ని అదీ రాస్తానేమోనని చదివేవాళ్ళు కూడా అనుకుంటారు. రాయను. అది ఆమె నాతో చెప్పింది.